నూటొకటి మిగిలింది

హిందూపురం ఆసుపత్రిలో భర్తను ఆపరేషన్‌కు తీసుకుపోయాక, ఆమె కూతురితో బయట బల్ల మీద కూర్చుంది.

"ఏం రాస్తాండావే?"

"నాయన టోకెన్ నంబరమ్మా, పదివేల నాలుగువందల మూడు. ఇది దేంతోనన్నా భాగం పోతాదేమో చూస్తాండా. ఊరికే కూర్చుంటే భయమైతాది."

తల్లికీ భయంగానే ఉంది. "మూడుతో పోదా?"

"మూడు, ఏడు... తొంభై ఏడు దాకా దేంతోనూ పోలేదు. ఇంక నూటొకటి ఒకటే చూడాల, అంతకన్నా పెద్దదాంతో పోయేట్టుంటే చిన్నదాంతో ముందే పోయుండాల. దాంతోనూ పోకుంటే దీన్ని ఏదీ భాగించలేనట్టే."

"ఆగు, అది చూడొద్దు. లెక్క అయిపోతే మళ్లా ఏం చేస్తాం?"

కూతురు పెన్ను మూసి తల్లి చెయ్యి పట్టుకుంది.

చాలాసేపటికి నర్సు తలుపు తీసి, "ఆయన కళ్లు తెరిచినాడు, రండి" అంది.

తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు చూడు పాపా."

"పోతాదమ్మా! నూటొకటి ఇంటూ నూటమూడు!"

"పద, మీ నాయనకు చెబుదాం."