కాలు మడవకూడని రోజు

మర్నాడు గుండె ఆపరేషన్. నీరసపడిన గుండెకు ముందునుంచే ఆసరాగా ఉంటుందని తొడలోంచి సన్నటి గొట్టంతో గుండె దగ్గరికి బెలూన్ పంపి, కాలు మడవకూడదన్నారు డాక్టర్లు. భార్య కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోగానే ఆయనకు గుబులు పుట్టింది.

“ఏమిటే ఆ చూపు?”

“ముప్పై ఏళ్లుగా నేను నోరు తెరిస్తే చాలు, చెప్పులేసుకుని వీధిలోకి పోతారు. ఇవాళ పొండి, చూద్దాం!”

“కాస్త జాలి చూపవే.”

“గుండెకి సాయం పెట్టారుగా, తట్టుకుంటుంది లెండి. అప్పట్లో మీ కొత్త స్కూటర్‌ని గోడకి గుద్దింది మీ తమ్ముడు కాదు.”

“కాదా? వాడితో రెండేళ్లు మాట్లాడలేదే నేను! మరెవరు?”

“కాలు! కాలు కదపకండి.”

“ఎవరే?”

ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆపరేషన్ చేయించుకుని రండి, చెబుతాను. ఆ తర్వాత చెప్పులేసుకుని ఎంత దూరం పోయినా సరే.”