అలమర వెనక మనిషి గురించి నేను ఆడిన అబద్ధం

నా పేరు వేమూరి సూర్యప్రభ. వయసు డెబ్బై రెండు. తణుకు హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ప్రస్తుతం మీ గల్ఫ్ దేశంలో, జిదాఫ్స్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మీ పోలీసు స్టేషన్లో ఈ వాంగ్మూలం నేను తెలుగులో చెబుతుంటే అల్లుడు శశిధర్ ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు. మెత్తటి మనిషి. ఎక్కడైనా మర్యాద ఎక్కువైతే అది నాది కాదు.

ఈరోజు శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, మీనా సల్మాన్ రేవు దగ్గర భూమేష్ అనే వడ్రంగి పనిచేసే షెడ్డులో, యజమాని అనుమతితో, మా తెలుగు సంఘం నాటకానికి రిహార్సల్ మొదలుపెట్టాం. కథ 1939 సెప్టెంబరు, పోలండ్. యుద్ధం మొదలవుతుంది. యూదుడైన గడియారాల మెకానిక్‌ను పక్కింటి ముసలమ్మ అలమర వెనక దాస్తుంది. సంఘంవాళ్ళు "ఆంటీ, కృష్ణరాయబారం వేద్దాం" అన్నారు. కృష్ణుడు ఏటా వెళ్తూనే ఉన్నాడు, యుద్ధం ఏటా ఆగడం లేదు అన్నాను.

ఆఫీసు ఉద్యోగులకు తీరిక లేదు. వారానికి ఒక్క రోజు సెలవున్న ఇద్దరికి దొరికింది. మెకానిక్ వేషం భూమేష్‌ది, జర్మన్ సైనికుడి వేషం దేవన్నది. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు. ముసలమ్మ నేను; మేకప్ అక్కర్లేదు.

అలమర భూమేషే చేశాడు. వెనక పలక జరిపితే మనిషి పట్టే చోటు ఉంటుంది. "నాటకానికి ఇంత పనితనం ఎందుకయ్యా?" అన్నాను.

"దొరికితే మనిషి సస్తడు గద టీచరమ్మా," అన్నాడు.

నేను "తెర" అనేదాకా ఎవరూ కదలకూడదు, తుమ్మకూడదు. అది నా నియమం.

3.50కి భూమేష్ లోపలికి దూరాడు. దేవన్న తలుపు బాది, "యూదులు ఏడున్నరు? బయటికి రాండ్రి!" అని అరిచాడు. జర్మన్ సైనికుడు అలా అరవడని నేను సరిదిద్దుతుండగా, 3.55కి మళ్ళీ తలుపు చప్పుడైంది. మీ పోలీసులు ఇద్దరు. ఏదో కంపెనీ నుంచి పారిపోయిన పనివాణ్ణి వెతుకుతున్నారట.

దేవన్న సెల్యూట్ కొట్టి, "టీచరమ్మా, అసలోళ్లే వచ్చిండ్రు," అన్నాడు.

వాళ్ళలో పెద్దాయన ఇంగ్లీషులో, లోపల ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరన్నాను.

అలమర తెరిచారు. పలక తట్టారు. ఏమీ దొరకలేదు. వెళ్ళబోతున్నారు. అప్పుడు దేవన్న పట్టలేక చప్పట్లు కొట్టాడు.

"ఏం జేసినవ్ రా భూమేషూ! పోలీసోళ్లకు గూడ దొరకలె!"

4.04కి భూమేష్‌ను బయటికి లాగారు. ఒంటిమీద పోలండ్ కోటు. గుర్తింపు కార్డు హిద్‌లో అతనుండే కార్మికుల క్యాంపులో, చొక్కా జేబులో ఉంది. దాక్కున్నాడు కాబట్టి పారిపోయినవాడే అన్నారు. యజమాని విమానంలో ఉన్నాడు, ఫోన్ కలవడం లేదు. రేపు ఉదయం ఆరింటికి భూమేష్ డ్యూటీకి రాకపోతే, పారిపోయాడనే ఫోర్‌మన్ కూడా రాస్తాడు. పారిపోనివాణ్ణి పారిపోయినవాడిగా చేయడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు తెలియదు.

లోపల అతనికేమీ కనబడదు. నేను "తెర" అనలేదు కాబట్టి కదల్లేదు. అతను లోపలున్న సంగతి మరిచిపోయారని రాద్దామా అత్తయ్యా అని అల్లుడు అడుగుతున్నాడు. మరిచిపోలేదు. ఎవరూ లేరన్నది నాటకంలో మాట కూడా కాదు. ముసలమ్మకు అసలు మాటలే లేవు.

దాక్కున్న యూదులను ఇరుగుపొరుగువాళ్ళే వేలు పెట్టి చూపించారని పాఠం చెప్పిన ప్రతి ఏడూ, "మీరైతే ఏం చేసేవారు టీచర్?" అని ఎవరో ఒకరు అడిగేవారు. సిలబస్‌లో లేదు, కూర్చో అనేదాన్ని. ఈరోజు గుమ్మంలో యూనిఫాం కనబడగానే జవాబు నోట్లోంచి ఊడిపడింది. మీవాళ్ళు ఆ సైనికులు కారు, ఆ తేడా నాకు తెలుసు. మీవాళ్ళు బూట్లు తుడుచుకుని లోపలికి వచ్చారు.

అబద్ధం నాది. భూమేష్‌ను పంపించి, అతను కూర్చున్న ఆ బెంచీ మీద నన్ను కూర్చోబెట్టండి. నడుముకు ఒక దిండు ఇప్పించండి.

చదివి వినిపించగా విన్నాను. ఇందులో ఉన్నదంతా నిజం, నేను ఆడిన అబద్ధంతో సహా.

(సంతకం) వేమూరి సూర్యప్రభ
శుక్రవారం, సాయంత్రం 6.20