కాళ్ల సంగతి అడగని ఉత్తరం

మంగళగిరిలో సాయంత్రం నుంచి వాన ఆగలేదు. గుంటమగ్గంలోకి కాళ్లు దించుకుని వదిన చీర నేస్తోంది. పక్కన పీట మీద కూర్చుని మరిది ఫోన్‌లో అన్న ఉత్తరం చదువుతున్నాడు.

"'మా ఓడ యుద్ధం జరిగే సముద్రం దాటేసింది. మా దగ్గర తీసుకున్న ఫోన్లు ఇంకా తిరిగివ్వలేదు. వంటగదిలో పని బాగానే ఉంది. నువ్వు జాగ్రత్త.' అంతే వదినా."

"బాగా రాశావు."

"నేనా? అన్నయ్య రాసిచ్చింది కంపెనీవాళ్లు నాకు మెయిల్ చేస్తారుగా!"

"వానాకాలం ఈ గుంటలో చెమ్మ ఊరుతుంది. నా కాళ్లు నాని పగులుతాయని మీ అన్నకి దిగులు. కాళ్లకి నూనె రాస్తున్నావా అని అడగకుండా ఏ ఉత్తరమూ ముగించడు. మూడు వారాలుగా ఆ మాటే లేదు."

మరిది ఫోన్ కింద పెట్టాడు.

"మూడు వారాలుగా ఆ ఓడ నుంచి కబురు లేదు వదినా. వెతుకుతున్నామంటున్నారు కంపెనీవాళ్లు. నీకెలా చెప్పాలో తెలియక..."

"మొదటివారమే పోల్చుకున్నాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు చెప్పేస్తావుగా."

మగ్గం ఆగింది.

"రేపు గవర్నర్‌పేటలో మీ అన్నని ఓడెక్కించిన ఆ ఏజెంటు దగ్గరికి ఇద్దరం వెళ్దాం. ఇక నాకు అబద్ధం చెప్పకు."

"చెప్పను."

వీధి తలుపు చప్పుడైంది.

"అత్తయ్య వచ్చింది. ఆ ఉత్తరం మళ్లీ చదువు."

"మళ్లీనా? ఎందుకు వదినా?"

"పెద్దోడు నీ కాళ్ల సంగతి అడగట్లేదేమే అని పొద్దున నన్ను నిలదీసింది. ఈసారి అదీ కలిపి చదువు."