రెండు గళ్ళ మీనాక్షమ్మ

అది కాదు అమ్మమ్మా, ఒక్క మనిషివి రెండు గళ్ళలో ఎందుకు కూర్చున్నావు? ఆ ముక్క ఎవరైనా నన్నడిగితే నేనేం చెప్పేది?

ఫోటోలోంచి అలా మూతి బిగించుకుని చూడకు. రోజూ పొద్దున్నే దీపం పెట్టి, పెరట్లో గులాబీ ఉంటే గులాబీ కూడా పెడుతున్నానా లేదా? ఇవాళ కాస్త నా గోడు విను. నీ కొడుకు ఏడున్నర ట్రైన్‌కి షికాగో వెళ్ళిపోయాడు. రేణు ఆఫీస్‌కి పోయింది. నేపర్‌విల్ మొత్తమ్మీద ఖాళీగా ఉన్నది నువ్వూ నేనే.

రేణు నీకు మనవరాలు కదా. మునిమనవరాలన్నా తప్పులేదులే, నీ సంగతిలో అన్నీ రెండేసి. అది మొన్న ఏప్రిల్లో గ్రెగ్ అనే తెల్లబ్బాయిని ఇంటికి తెచ్చి, "అమ్మా, వుయ్ ఆర్ గెటింగ్ మేరీడ్" అంది. పిల్లాడికి వంక పెట్టడానికేం లేదు. గోంగూర పచ్చడి తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఇంకాస్త వేయమన్నాడు.

కానీ వంక కావాలిగా నాకు. అందుకని నీ మాటే వాడాను. "అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడందే మా ఇళ్ళల్లో పిల్లనివ్వరు" అన్నాను. ఈ దేశంలో తాత పేరు తెలిసినవాడే తక్కువ, ఏడు తరాలు ఎక్కణ్ణుంచి తెస్తాడు, పీడా పోతుంది అనుకున్నాను.

ఎంత తెలివైనదాన్నో చూడు. ఆ వచ్చే ఆదివారం గ్రెగ్ వాళ్ళమ్మ రూత్ వచ్చి, కారు డిక్కీలోంచి మూడు లావుపాటి బైండర్లు దింపింది. ఏడడిగితే తొమ్మిది తెచ్చింది. పదిహేనేళ్ళుగా ఆవిడ చేస్తున్న పనే అదట. కోర్టు కాగితాలు, చర్చి పుస్తకాలు, సమాధుల మీద రాతలు, ఊరూరా తిరిగి రాసుకొచ్చింది.

మొదటివాడు ఓడ దిగింది మసాచుసెట్స్‌లో, పీపాలు చేసే పనివాడు. వాడి కొడుకు చర్చిలో నిద్రపోయాడని కాళ్ళు బొండకొయ్య చెక్కల మధ్య బిగించి నలుగురిలో కూర్చోబెట్టారట. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా, శిక్షపడ్డ వంశం" అన్నాను రేణు చెవిలో. "మొన్న సత్యనారాయణ వ్రతంలో నాన్న గుర్రు పెట్టలేదా అమ్మా?" అంది.

ఆ తర్వాతవాళ్ళు ఒహైయో వెళ్ళారు. అక్కణ్ణుంచి ఎద్దుబండి కట్టుకుని ఈ ఇల్లినాయ్ వచ్చారు. ఎద్దుబండి అనగానే కాస్త మెత్తబడ్డాను, నీ దగ్గర దాపరికమెందుకు.

అంతటితో రూత్ వెళ్ళిపోతే బాగుండేది. బైండర్లు మూసి, బల్లమీద ఓ పెద్ద కాగితం పరిచింది. అంతా గళ్ళు. "ఇప్పుడు మీది చెప్పండి, వసుమతీ" అంది. రేణు తండ్రి సాంబశివరావు, ఆయన తల్లి మీనాక్షమ్మ. రేణు తల్లి వసుమతి, ఆవిడ తల్లికి తల్లి మీనాక్షమ్మ. తెలిసిన గళ్ళు నింపి, తెలియనివి వదిలేసి ఇచ్చేశాను. పప్పులో కాలేశానని తట్టనే లేదు.

మంగళవారం రూత్ ఫోన్ చేసింది. "చిన్న పొరపాటు దొర్లినట్టుంది, ఒకావిడ పేరే రెండు చోట్ల రాశారు, ఊరూ సంవత్సరం కూడా అవే" అంది ఎంతో మర్యాదగా.

పొరపాటేమిటి, పెళ్ళి. మా అమ్మ తమ్ముణ్ణి చేసుకున్నాను, ఇప్పటికీ ఇంట్లో మావయ్యా అనే పిలుస్తాను. మా తెనాల్లో ఎవరికి చెప్పినా "అదృష్టవంతురాలివే, అమ్మమ్మే అత్తగారు" అన్నవాళ్ళే. అదే ముక్క ఇంగ్లీషులోకి మార్చి చూడు. "మై హస్బెండ్ ఈజ్ మై అంకుల్." పోలీసులు వచ్చేలా లేదూ?

రేణు నాలుగో క్లాసులో ఉండగా టీచర్‌తో ఈ మాటే అంది. మర్నాడే స్కూల్ నుంచి పిలుపు. మావయ్య టై కట్టుకుని వెళ్ళి, "మా వాళ్ళలో పెద్దవాళ్ళందర్నీ అంకుల్ అనే అంటాం" అని చెప్పి బయటపడ్డాడు. అబద్ధమేం కాదు. భాస్కర్ అంకుల్, గోపాల్ అంకుల్, ఊరంతా అంకుల్సే ఇక్కడ. నిజం అంకుల్ని కట్టుకున్నది నేనొక్కదాన్నే.

ఆ భయంతోనే నోరు జారాను. "పొరపాటు కాదు రూత్, మీనాక్షమ్మలు ఇద్దరు. ఒకావిడ మా అమ్మమ్మ, ఇంకొకావిడ మా అత్తగారు. ఊరూ సంవత్సరం నేనే కంగారులో కలిపేశాను" అన్నాను.

నిన్ను పాత చీరలా మధ్యకి చింపాను, నిజమే. ఆవిడ అక్కడితో ఊరుకుంటేగా. అత్తగారు ఎక్కడ పుట్టారు? ఒంగోలు అన్నాను. ఆవిడ తల్లి పేరు? రత్తమ్మ. ఆ రత్తమ్మ తల్లి? కోటమ్మ. అబద్ధానికి ఒకసారి దారి దొరికితే ఆగుతుందా? ఫోన్లో పెన్సిల్ గీసిన చప్పుడు వినిపిస్తూనే ఉంది.

శనివారం రూత్ మళ్ళీ వచ్చింది. కాఫీ ముట్టుకోలేదు. "మీరు ఇంత నిజాయితీగా అన్నీ చెప్పారు, నేనే ఒకటి దాచాను" అంది. నా ఖర్మ చూడు. వాళ్ళ ఐదో తరంలో జోసయ్య అని ఒకడున్నాడట. పేరు వింటే మన ఊళ్ళో ఏ వెంకయ్య పక్కనైనా కూర్చోబెట్టొచ్చు. ఆ జోసయ్య తన కజిన్‌ని చేసుకున్నాడు. నూటయాభై ఏళ్ళుగా వాళ్ళింట్లో ఆ మాట ఎవరూ పైకి అనరు. "మీకు అభ్యంతరమైతే అర్థం చేసుకుంటాను" అని కళ్ళు తుడుచుకుంది.

"ఏ కజిన్?" అన్నాను. "ఫస్ట్ కజిన్" అంది. "అది కాదమ్మా, ఎవరి కూతురు?" అంటే, కజిన్ అంటే కజినే అంటుంది. ఇంత దేశానికీ ఒక్కటే మాట అమ్మమ్మా. బాబాయి కూతురూ కజినే, మేనమామ కూతురూ కజినే. ఒకతి చెల్లెలు, ఒకతి పెళ్ళాం అవ్వాల్సింది, రెండూ కలిపేసి ఎలా బతుకుతున్నారో. బల్లమీద స్పూన్లు పేర్చాను. ఇది జోసయ్య, ఇది వాళ్ళమ్మ, ఇది వాళ్ళమ్మ అన్న. ఆ పిల్ల ఎవరికి పుట్టింది? రూత్ బైండర్ తిరగేసి, అన్నగారి స్పూను మీద వేలు పెట్టింది.

మేనరికం. శుద్ధమైన మేనరికం. నాకు ఒళ్ళు పులకరించింది. రూత్‌ని కావలించుకుని, నుదుట బొట్టుపెట్టి, "మీది సంప్రదాయమున్న కుటుంబం, మా పిల్లనిస్తున్నాం" అన్నాను. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. మెట్లమీద నిలబడ్డ రేణు నోరు వెళ్ళబెట్టింది.

అప్పుడే చెప్పేయాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నిజాయితీపరురాలివని పొగిడిన మనిషికి, మంగళవారం చెప్పింది అబద్ధమని శనివారం ఎలా చెప్పను? ఆవిడ సిగ్గుపడ్డదాన్ని ధైర్యంగా బయటపెట్టింది. సిగ్గుపడక్కర్లేనిదాన్ని నేను దాచుకున్నాను. నాకే అసహ్యమేసింది. మావయ్యకి చెబితే నవ్వాడు. "మా అమ్మ ఒక్కత్తినే పేటంతా తట్టుకోలేకపోయారు, ఇద్దర్ని చేశావా" అన్నాడు.

పెళ్ళి అక్టోబర్లో పెట్టుకున్నాం. రూత్ ఆ కాగితమంతా టైపు చేసి పోస్టులో పంపితే ఇవాళ అందింది. పుస్తకంగా అచ్చేయించి, ఒక కాపీ లైబ్రరీలో కూడా పెడుతుందట. అట్టమీద వేయడానికి 1984 అని కూడా రాసుకుంది. ఖాళీ గళ్ళు ఉంటే నింపమని ఎర్రపెన్సిల్‌తో గుర్తులు పెట్టింది. అందులో ఒకటి సరిగ్గా నీ పేరు పైన, నీ తల్లి గడిలో.

ఒంగోలు మీనాక్షమ్మకి తల్లి ఉంది, అమ్మమ్మ ఉంది. నువ్వేమో పదహారేళ్ళు నన్ను పెంచావు, ఆదివారం ఆదివారం తలంటు పోశావు, కన్నకొడుకునే ఇచ్చావు. మీ అమ్మ పేరేమిటే అని ఒక్కనాడు అడగలేదు నేను. మావయ్యకి ఆఫీస్‌కి ఫోన్ చేసి అడిగాను. "అమ్మమ్మ అనే పిలిచేవాళ్ళం" అన్నాడు.

ఇంకో పేరు కల్పించడం ఎంతసేపు? చెయ్యి రాలేదు. నీ తల్లి గడిలో తెలియదు అని రాసి, కవరు అంటించేశాను.