హాస్పిటాలిటీ బ్లాకు

రాజోలులో కట్టబోయే ఫుట్‌బాల్ స్టేడియం ప్లానును ఇంజనీరు కారు బానెట్ మీద పరిచాడు. పాత గ్రౌండులో ఆట నేర్పే కోచ్ దాని మీదికి వంగాడు.

"మా గ్రౌండు తూర్పుగట్టు తీసేసి కట్టే హాస్పిటాలిటీ బ్లాకు ఇదేనాండీ?"

"అవునండి. మూడంతస్తులు."

"మంచాలెన్ని పడతాయండీ?"

"మంచాలెందుకండి?"

"దెబ్బలు తగిలినోళ్ళకండీ. కిందటేడు మా గోల్‌కీపర్ అయ్యప్ప ఇక్కడే పడిపోయేడు. అంబులెన్సు వచ్చేసరికి ఊపిరి లేదండీ. ఆసుపత్రి కడతన్నారు, జనం కూర్చునే గట్టు పోతే పోయిందని, ఊరందరి చేతా నేనే సంతకాలు పెట్టించేను."

"అయ్యో, అది ఆసుపత్రి కాదండి! కంపెనీలవాళ్ళు ఏడాదికింతని అద్దెకు తీసుకునే ఏసీ గదులు. అతిథుల్ని పిలిచి, భోజనాలు పెట్టి, అద్దాల్లోంచి ఆట చూపిస్తారు. స్టేడియం ఆదాయంలో సగం వాటిదే."

"ఆయ్. పోనీ, అందులో ఒక్క గదండీ. ఒక్క మంచం."

"అన్నీ ముందే ఇచ్చేశామండి. ఒక్కటి తగ్గినా తీసుకున్న కంపెనీలు ఒప్పుకోవు."

కోచ్ ప్లానును మెల్లగా మడిచి ఇచ్చేశాడు.

"మా కాగితం మీద మొదటి వేలిముద్ర ఎవరిదో తెలుసాండీ? అయ్యప్ప వాళ్ళమ్మదండీ. మంచాలెన్నో కనుక్కు రమ్మని నన్ను పంపింది కూడా ఆవిడేనండీ."