పై సగం

మోటారు అరగంట నీళ్లు పోసి ఆగిపోయింది. ఇద్దరి చేలకీ ఉన్న ఒక్క బావిలో మళ్లీ నీరు ఊరేసరికి తెల్లారుతుంది. మరిది తన మొక్కజొన్న గట్టు మీద కూలబడ్డాడు. పక్కనున్న జొన్నచేలోంచి వదిన వచ్చి కూర్చుంది.

“రేపటి వంతు నీది కదా, వదినా.”

“నాదే. నువ్వు పెట్టుకో.”

“నీ చేనూ వాడిపోయిందిగా.”

“వాడలేదయ్యా, ఆకులు చుట్టుకుంది. జొన్న అంతే, పెరగడం మానేసి వాన కోసం కూర్చుంటుంది. ఇంకో పది రోజులు నాకు బెంగ లేదు. నీది కండె వేసే వేళ. ఇప్పుడు తడి తప్పితే గింజ కట్టదు.”

“అడగడానికి నోరు రాలేదు.”

“అది సరే. అరగంట నీళ్లు ఎంతవరకు పారతాయి?”

అతను తల తిప్పి చేను పై భాగం వైపు చూశాడు.

“కింది సగానికే. పై సగంలో పుప్పొడి రాలిపోయింది, కండెకి పీచు ఇంకా బయటికే రాలేదు. చూశావా?”

“చూశాను.”

“ఇక ఎన్ని నీళ్లు పోసినా అవి వట్టి కండెలే. పచ్చగా ఉండగా కోస్తే గేదెలైనా తింటాయి.”

“నాలుగు రోజులుగా తెలుసు, వదినా. పై సగమంతా నా కూతురు తన చేత్తో విత్తింది. దానికేం చెప్పను?”

“కింది సగం బతికిందని చెప్పు.”

అతను కాళ్లకంటిన దుమ్ము దులుపుకున్నాడు. లేచాడు.

“కొడవలి ఇంటి దగ్గరుంది. తెస్తాను.”

“రెండు తెచ్చాను. పద.”