పేర్లు నిలవని పాటలు

భిలాయి సెక్టర్ టూలో సత్యరాజు గారి క్వార్టర్. ముందుగదిలో కంప్యూటర్ దగ్గర ఆయన కూతురు షీబా, క్యాంప్ వన్ నుంచి వచ్చిన ఆమె మేనమామ కొడుకు హార్వే. వంటింట్లో తల్లి డైసీ. వరండాలో సత్యరాజు.

"మళ్ళీ అన్నీ ట్రాక్ వన్, ట్రాక్ టూ అయిపోనాయా షీబా?"

"అయిపోనాయి బావా. నువ్వే చూడు."

"క్రిస్మస్ పాటలు కూడా?"

"క్రిస్మస్, పంట పండగ, సమాధి పాటలు, అన్నీ. నిన్న పొద్దున్న దాకా పేర్లున్నాయి. పాట మొదటి లైను, పాడినోళ్ళు, ఏ ఏడు పాడారు, అంతా కొట్టాను. సాయంత్రం నాన్న తెరిస్తే ఒక్కటీ లేదు."

"హార్వే, వచ్చీసావేటి నాన్నా. టీ పెడతన్నాను, తాగి చూద్దువు గాని."

"ముందు చూడనీ అత్తా."

"చూడు చూడు. మీ మావయ్య బెంగ పెట్టుకున్నారు. పాత క్యాసెట్లన్నీ ఇందులోకి ఎక్కించి, పేర్లు రాయించి అప్పజెప్తానని సంఘానికి మాటిచ్చారు కదా. అప్పజెప్పిన ఆదివారమే మీ పెళ్ళి మొదటి ప్రకటన చదివించాలని పంతం. పని సగంలో వదిలేసి పిల్లని పంపితే సంఘం ఏటంటాది అంటారు. ఇది అవదు, అది అవదు."

"అవుతాది అత్తా."

"నీ నోటి మాటే అవనీ. కీబోర్డు జిడ్డుగా ఉంటాది, చూసుకో. మొన్న నూనె రాయించాం."

"కీబోర్డుకి నూనేటి?"

"అయ్యగారొచ్చి ప్రార్థన చేసి రాసారు బావా. డబ్బాకి రాస్తే చాలు కదా అంటే, వేళ్ళు తగిలేది ఇక్కడే కదమ్మా అని దీనికి కూడా రాసారు."

"ఎల్తాను, పాలు పొంగుతాయి. కాస్త బాగా చూడు నాన్నా."

"చూస్తాను అత్తా... ఇంకేటి చేసారు షీబా?"

"పోయిన శుక్రవారం సంఘమంతా ఉపవాసం. సత్యరాజు గారింట్లో పాటలకి పట్టిన పీడ వదలాలని. ఎవాంజెలిన్ ఆంటీకి షుగర్ కదా, వద్దన్నా వినలేదు. కళ్ళు తిరిగి బెంచీ మీద పడిపోయింది."

"నువ్వూ ఉన్నావేటి ఉపవాసం?"

"ఉన్నాను. ఎలా తినను?"

"మావయ్య వైరస్ అంటన్నారు."

"వైరస్సే కదా."

"వైరస్ అయితే ఫోటోలు ముట్టుకోదా? మీ తమ్ముడు కెల్విన్ మార్కుల కాగితాలు ముట్టుకోదా? పాటల మీదే దానికి పగేటి?"

"నాకేటి తెలుసు. సుపేలాలో షాపులో కూర్చుని రోజూ బాగుచేసేది నువ్వు."

"అందుకే చెప్తన్నాను. అంకెలు కూడా వరసగా ఉన్నాయి, ఒక్కటి అటు ఇటు అవలేదు. వైరస్‌కి ఇంత శుభ్రం ఉండదు."

"అయితే ఏటంటావు?"

"ఇదిగో, ఫైలు ఎప్పుడు మారిందో ఇక్కడ ఉంటాది. నిన్న, గురువారం మధ్యాహ్నం. ముందుసారి కూడా గురువారమే పోయిందని అత్త ఫోన్‌లో చెప్పింది. గురువారం మధ్యాహ్నం అత్త ఎక్కడుంటాది?"

"స్త్రీల సమాజం కూడికలో."

"మావయ్య?"

"అమ్మని స్కూటర్ మీద దింపి, అది అయ్యేదాకా బయట కూర్చుంటారు."

"కెల్విన్ కాలేజీలో. మరి ఇంట్లో..."

"బావా, ఆ తలుపు కొంచెం దగ్గరగా వెయ్యి."

"వేస్తే మావయ్య ఏటనుకుంటారు?"

"పెళ్ళి కుదిరినోళ్ళు కదా అనుకుంటారు. వెయ్యి."

"వేసాను. చెప్పు."

"నేనే."

"ఏటి నేనే?"

"నేనే తీసీసాను. విన్నావు కదా, మళ్ళీ ఎందుకు చెప్పిస్తావు."

"ఎందుకు తీసావు?"

"నీకు తెలీదేటి?"

"తెలిసినా నీ నోట వినాలి."

"ఈ పాటలు అయిపోతే ప్రకటన చదువుతారు. మూడు ఆదివారాలు చదువుతారు. అభ్యంతరం ఉన్నోళ్ళు చెప్పండి అని ఆగుతారు. సంఘంలో ఎవరైనా లేచి చెప్పొచ్చు బావా. పెళ్ళికూతురు లేచి చెప్పడం నువ్వెప్పుడైనా చూసావా?"

"నా మీద అభ్యంతరమా?"

"అదే నా బాధ. నీ మీద ఏటీ లేదు. తాగవు. అరవవు. మీ అమ్మకి మందులు తెచ్చి, మా అమ్మకి కూడా తెస్తావు. ఒక్క తప్పు దొరికినా దాన్ని పట్టుకుని ఏడ్చి బయటపడుదును. ఎంత వెతికానో తెలుసా నీకు?"

"దొరకలేదా?"

"పాడేటప్పుడు శ్రుతి తప్పుతావు. దానికి పెళ్ళి ఆపరు."

"ఇంకెవరైనా ఉన్నారా? సచ్ బోల్, నిజం చెప్పు. నేను ఎవరికీ చెప్పను."

"ఎవరూ లేరు. ఉంటే ఆ పేరు చెప్పి తిట్లు తిందును, ఏదో ఒకటి తేలిపోయేది. వద్దంటే ఎవడున్నాడే అంటారు. ఎవడూ లేడంటే మరేటి నొప్పి అంటారు."

"మరేటి నొప్పి?"

"నువ్వు కూడా అదే మాట."

"వాళ్ళు అన్నట్టు అనలేదు. తెలుసుకుందామని అడిగాను."

"ఇక్కడి నుంచి క్యాంప్ వన్‌కి వస్తాను. అదే చర్చి. మా అమ్మ వెనక నుంచి లేచి మీ అమ్మ వెనక కూర్చుంటాను, అంతే. చిన్నప్పుడు నీతో లూడో ఆడాను, నీ చేతిలో జామకాయ లాక్కుని తిన్నాను. నిన్ను చూస్తే మా ఇంటి గోడని చూసినట్టుంటాది బావా. గోడ మంచిదే. ఎండ ఆపుతాది, వాన ఆపుతాది. పెళ్ళెలా చేసుకుంటాను?"

"ఇది మరీ పక్కాగా చెప్పావు."

"కోపమొచ్చిందా?"

"లేదు. చెప్పు."

"పేరు కొట్టిన ప్రతిసారీ ఇంకో పాట అయిపోయింది, ఇంకో పాట అయిపోయింది అనిపిస్తాది. నాన్న పొద్దున్నే వచ్చి ఎన్ని మిగిలాయమ్మా అంటారు. ఆయనకి సంతోషం, నాకు ప్రకటన దగ్గరపడినట్టు. చివరి పాటలకొచ్చేసరికి ఇంక నా వల్ల కాలేదు. అన్నీ కలిపి సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టీసాను."

"ఇంకెవరికైనా ఇచ్చీమని మావయ్యకి చెప్పొచ్చు కదా."

"ఎవరికిస్తారు? కెల్విన్‌కి తెలుగు చదవడమే రాదు, హిందీయే. పెద్దాళ్ళకి ఈ మౌస్ పట్టడం రాదు. ఏ గొంతు ఎవరిదో గుర్తుపట్టి తెలుగులో రాయాలంటే నేనే. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని ఈ క్యాసెట్లే విన్నాను కదా. ఇదిగో విను, ట్రాక్ నైన్."

"మా నాన్న గొంతే ఇది."

"పక్కన మా నాన్న. ఇద్దరికీ ప్లాంట్‌లో పని దొరికిన కొత్తలో మీ క్యాంప్ వన్ ఇంట్లో పాడింది. పాట అయ్యాక వినపడతాది చూడు, నవ్వుకుంటారు. రేపు మనకి పిల్లలు పుడితే ఇచ్చిపుచ్చుకుందాం బావా అంటాడు మీ నాన్న. ఆమెన్ అంటారు మా నాన్న."

"ఆపీ షీబా."

"నేను రోజూ వింటాను. మనం పుట్టకముందే ఆమెన్ అనీసారు."

"ఆపీమన్నాను కదా."

"ఆపాను."

"మరి నేను అడిగినప్పుడు ఓకే అన్నావెందుకు?"

"ఎక్కడ అడిగావు? వంటింటి గుమ్మంలో. మా అమ్మ తిరగమోత పెడతంది. మీ నాన్న కేకు కోస్తన్నాడు. అందరి ముందు నీకు ఓకేనా షీబా అన్నావు. ఓకే అనక ఏటంటాను?"

"విడిగా అడగాల్సింది."

"అడగాల్సింది. నువ్వైనా అడుగుతావనే చూసాను."

"హార్వే, ఏటిరా అయినాదా? అయ్యగారు ఫోన్‌లో ఉన్నారు. ఈ ఆదివారం ప్రకటన చదవమంటారా అని అడుగుతన్నారు. ఏటి చెప్పమంటావు?"

"ఒక్క నిమిషం మావయ్యా."

"లైన్లో ఉన్నారు రా."

"బావా, తలుపు తీసి చెప్పీ. అన్నీ మీ కూతురే తీసీసింది అని చెప్పీ. నా నోటికి రావట్లేదు."

"మావయ్య కొడతారేటి?"

"కొడితే బాగుణ్ణు. అన్నం మానీస్తారు. ఊరంతా పస్తులున్నది నా కూతురి పనికా అని మళ్ళీ చర్చి గుమ్మం ఎక్కరు. అయినా చెప్పీ. నేను ఇంకో గురువారం దాకా ఆగలేను."

"నువ్వు కూర్చో."

"ఏటి చెప్తావు?"

"కూర్చోమన్నాను కదా... మావయ్యా, ఈ ఆదివారం అవదు."

"అవదా?"

"హార్డ్ డిస్క్ పాడైపోయింది. రాయపూర్ పంపాలి. ఎప్పుడొస్తాదో చెప్పలేను."

"అయితే ప్రకటన ఇప్పుడే చదివించీనా? పాటల సంగతి తర్వాత..."

"మీరు సంఘానికి ఇచ్చిన మాట తప్పకూడదు మావయ్యా. పాటలయ్యాకే."

"అదీ నిజమే. సరే, అయ్యగారికి చెప్తాను. ప్రార్థన చేద్దాం."

"చెయ్యండి మావయ్యా."

"బావా."

"ఊఁ."

"ఎందుకు అబద్ధమాడావు? నా మీద జాలా? నాకు జాలి వద్దు."

"జాలి కాదు."

"మరేటి? చేసుకోబోయే పిల్ల పెళ్ళి తప్పించుకోడానికి దొంగపని చేసిందని తెలిసింది కదా. తలుపు తీసుకుని ఎల్లిపోవాలి నువ్వు. తిట్టాలి."

"ఎన్నిసార్లు తీసావు?"

"నిన్న, ముందు గురువారం. అంతే. మొదటిసారి నేను కాదు బావా, దేవుడి తోడు. అది దానంతటదే పోయింది. ఓ పొద్దున్న తెరిస్తే పేర్లు లేవు. నాన్న తల పట్టుకుని కూర్చున్నారు, ప్రకటన వాయిదా అన్నారు. నేను స్నానాలగదిలోకెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నవ్వాను. ఆ రోజే నాకీ ఆలోచనొచ్చింది. ఆ మొదటిది మాత్రం నిజంగా వైరస్సే."

"వైరస్ కాదు షీబా. మా నాన్నకి ఈ పెళ్ళి వద్దని చెప్పలేక, ఆ ముందురోజు ర్యామ్ మారుస్తానని వచ్చి నేనే తీసీసాను."